ఎడమకు లాగే బండి

మార్చి 4, 1974. అరకు.

మళ్ళీ ఎడమ ముందు టైరే. లోపలి అంచు నున్నగా అరిగిపోయి దారాలు బయటపడ్డాయి. బయటి అంచు మాత్రం కొన్ననాటి గాట్లతో అలాగే ఉంది. కార్తీకమాసంలో వేసిన టైరు. కుడివైపుదీ బాగాలేదు కానీ ఇంత ఘోరంగా లేదు.

డాక్టరు రమణమూర్తి గారు చూసి, "మలుపుల్లో ఇతను తిప్పే తిప్పుడుకి ఇనప చక్రాలైనా అరుగుతాయి" అన్నారు. డ్రైవరు వరహాలరావు గుడ్డతో చేతులు తుడుచుకుని జాకీ తేవడానికి వెళ్ళాడు.

నర్సుని, టైర్లతో నాకేం పని? కానీ మూడేళ్ళుగా ఈ బండే నా ఇల్లు. ముందు సగం దవాఖానా, తెర వెనక సగం నాది. బల్ల మంచం, కిరసనాయిలు స్టవ్వు, ఇనప బీరువా, నీళ్ళ పీపా, అమ్మ ఇచ్చిన ట్రంకుపెట్టె. డాక్టరుగారు బంగళాలో పడుకుంటారు. డ్రైవరూ, మా అటెండరు గాసీ బండి పక్కన టార్పాలిన్ కట్టుకుంటారు. కాబట్టి కుంటుతున్నది నా ఇల్లే.

రేపు ముంచంగిపుట్టు సంతకి వెళ్ళలేం. స్టెప్నీ ట్యూబు చిరిగిపోయి ఉంది. సుక్రు వస్తాడు, బండి లేకపోవడం చూసి పోతాడు. క్షయకి సూది వారానికి రెండుసార్లు పడాల్సిందేనని, ఏ వానొచ్చినా మానకూడదని గాసి చేత ఒడియాలో చెప్పించి ఒట్టు వేయించుకున్నది నేనే.

మార్చి 9.

కొత్త టైరు రైల్లో వచ్చింది. మా బండిని నడిపే ట్రస్టు ఆఫీసు పనిమీద విశాఖపట్నం వెళ్ళిన డాక్టరుగారు మేనేజరు జగన్నాథరావు గారి మాట కూడా మోసుకొచ్చారు. టైర్లు తింటున్నది బండా, మనిషా అని అడిగారట. ఏజెన్సీలో కలప లారీల వాళ్ళు కొత్త టైరు కనిపిస్తే వదలరట. పాతది బిగించి కొత్తది వాళ్ళకిచ్చే డ్రైవర్లు బోలెడుమందట.

నేను నమ్మలేదు.

డ్రైవరు స్నానానికి గెడ్డకి వెళ్ళినప్పుడు ఆపరేషన్ బ్లేడుతో కొత్త టైరు పక్కగోడ మీద చిన్న ఇంటూ గుర్తు కోశాను. అనుమానంతో కాదు. రేపెవరైనా అతని మీద నింద వేస్తే రుజువుంటుందని.

మార్చి 10.

తమ్ముడు గోపాలకృష్ణ మళ్ళీ కబురు చేశాడు. విశాఖపట్నంలో తనకి తెలిసిన నర్సింగ్ హోములో హెడ్ నర్సు ఉద్యోగం ఉంది. కరెంటు, కొళాయి, సొంత గది. జూన్‌లోపు ఏదో ఒకటి చెప్పాలట. దీని గురించి రేపు రాస్తాను.

మార్చి 23. హుకుంపేట.

గుర్తు అక్కడే ఉంది. అదే టైరు. లోపలి అంచు అప్పుడే తగ్గిపోతోంది.

మార్చి 24.

పొద్దున్న ముందు చక్రం దగ్గర వంగి చూస్తుంటే వెనక నుంచి వరహాలరావు.

"సిస్టరమ్మా, ఆ గుర్తు మీదేనా?"

కాదందామనుకున్నాను. "నాదే" అన్నాను.

"నాను ఆ రోజే సూసీసేను. టైరు తుడిసినపుడు." కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది. "మంచి పనే సేసేరు. నేకపోతే నానే ఏటో ఒకటి గీసుకుందును. ఇదిగో, సెయ్యి ఇలా పెట్టండి."

టైరు మీద చెయ్యి పెట్టమన్నాడు. పెట్టాను. లోపలి నుంచి బయటికి రాస్తే నున్నగా ఉంది. బయటి నుంచి లోపలికి రాస్తే రంపం పళ్ళలా గుచ్చుకుంది.

"రోడ్డు మీద దొర్లితే ఇలా అవదమ్మా. పక్కకి ఈడిస్తే అవుతాది. సెక్రం దొర్లుతూనే ఈడ్సుకుపోతంది. ఎందుకో నాకూ తెల్దు. తెలిస్తే నోరు మూసుకుని ఉందునేటి? రెండు జబ్బలూ పడిపోతన్నాయి, అనంతగిరి కాడ నుంచి ఇక్కడిదాకా కుడికి లాగి పట్టుకోవాల. వదిలిస్తే ఎడం పక్కకే ఎల్తాది."

అప్పుడు చూశాను అతని అరచేతులు. కుడి బొటనవేలి కింద చర్మం లేచిపోయి పుండు. ఎన్నాళ్ళ నుంచో. రోజూ మందులిచ్చేది నేను, నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషి చేతులు చూడలేదు. కూర్చోబెట్టి కట్టు కట్టాను.

డాక్టరుగారితో చెప్తే నవ్వారు.

ఏప్రిల్ 3. అరకు.

ఈరోజు వెదురు కర్రతో కొలిచాం. ఉపాయం వరహాలరావుది. బొబ్బిలి దగ్గర షెడ్డులో ఉన్నప్పుడు ముసలి మేస్త్రీ ఎవరో చేస్తుంటే చూశాడట. గాసి సన్న వెదురు నరికి తెచ్చాడు. బండి కిందికి దూరి, రెండు ముందు చక్రాల మధ్య వెనక వైపు దూరానికి సరిగ్గా పట్టేలా కర్ర కోశారు. అదే కర్రని చక్రాల ముందు వైపుకి తెచ్చి పెడితే వదులుగా ఊగింది. అంటే చక్రాల మధ్య ముందు వైపు దూరం ఎక్కువ.

"అదీ సంగతి! జోడెడ్లు సెరో పక్కకి మొకం పెట్టీసేయి" అని బండి కింద నుంచి అరిచాడు. "ముందర ఒక్క నూలు పోగంత తక్కువుండాల. ఇక్కడ రెండు వేళ్ళ మందం ఎక్కువుంది."

రెండు చక్రాలనీ కలిపే టై రాడ్డు తిప్పి సరిచేశాడు. గాసి కర్ర పట్టుకుని అటూ ఇటూ దూరాడు. నేను పానాలు అందించాను. చీరకి గ్రీజు మరక పడింది, పోయేలా లేదు.

సాయంత్రం రైల్వే గేటు దాకా నడిపి చూశాడు. కొంచెం నయమే.

ఏప్రిల్ 16.

డాక్టరుగారు వెళ్ళిపోయారు. పై చదువుకి సీటు వచ్చింది. వెళ్తూ, "మీరూ ఎక్కువ రోజులు ఉండకండి సత్యవతి గారూ, ఈ బండి ఎవర్నో ఒకర్ని మింగుతుంది" అన్నారు. కొత్త డాక్టరు ఎప్పుడొస్తారో తెలియదు. అందాకా పాత రోగులకి సూదులు నేనే వేస్తాను, పాడేరు ఆసుపత్రి డాక్టరుగారు నెలకోసారి చూస్తారు.

టైరు అరుగుదల తగ్గింది. ఆగలేదు. రంపం పళ్ళు పోయాయి కానీ లోపలి అంచు అలాగే కరుగుతోంది. వరహాలరావు మొహం చూసి నేనే, "ఇంకేదో ఉంది. దాన్నీ పట్టుకుందాం" అన్నాను.

ఏప్రిల్ 22.

మేనేజరుగారి ఉత్తర్వు. బండిని విశాఖపట్నంలో పెద్ద షెడ్డుకి పంపాలి. మందులూ సామానూ అన్నీ అరకులోనే దించి, ఖాళీ బండి పంపమన్నారు. ఘాట్ దిగేటప్పుడు బరువెందుకని.

బీరువా, పీపా, మందుల పెట్టెలు, నా ఇల్లు, అంతా స్కూలు వరండాలో ఉంది. స్టవ్వు గాలికి ఆరిపోతోంది. బీరువా మీద కోడి ఎక్కి కూర్చుంది.

ఈ వారం సంతలు లేవు.

ఏప్రిల్ 30.

బండి వచ్చింది. షెడ్డువాళ్ళు మెషీను మీద పెట్టి చూసి, అంతా సరిగ్గానే ఉందన్నారట. చిన్న చిన్నవి బిగించారట. వరహాలరావు ఘాట్ అంతా రెండు వేళ్ళతో నడిపానని చెప్పాడు. చెప్తున్నప్పుడు అతని మొహంలో సంతోషం ఉండాలి కదా, లేదు. "షెడ్డోలు, డ్రైవరు సేతిలోనే లోపం అని రాసిచ్చేరు" అన్నాడు చివర్న.

సామానంతా ఎక్కించాం.

మే 6. హుకుంపేట.

మళ్ళీ లాగుతోంది.

మే 9.

రైళ్ళు ఆగిపోయాయి. దేశమంతా సమ్మె. అరకు స్టేషన్లో గూడ్సు బండి కదలకుండా నిలబడి ఉంది.

మే 11. పెదబయలు దారిలో.

టైరు పేలింది.

ఎడమ మలుపు దిగుతున్నాం. శబ్దం తుపాకీలా. బండి మొత్తం ఎడమకి ఒరిగి కొండ వైపు కాలవలోకి దిగి ఆగింది. కుడికి పోయి ఉంటే, కింద లోయ. మందుల సీసాలు సగం పగిలాయి. నా ఎడమ చెయ్యి గాజుపెంకు మీద పడింది, నేనే కుట్టుకోలేక కట్టు మాత్రం కట్టుకున్నాను. గాసికి నుదుటి మీద బొప్పి.

వరహాలరావు స్టీరింగు వదల్లేదు. మేం దిగి పిలిచినా వదల్లేదు. నేను తలుపు తీసి వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సొచ్చింది.

"ఎవులికేటి అయింది?" అన్నాడు.

"ఎవరికీ ఏమీ కాలేదు. దిగండి."

"మీ సేతికేటి?"

"సీసా. దిగండి ముందు."

అప్పుడు దిగాడు.

మే 12. అక్కడే.

పట్టుకున్నాం. క్రమంగా రాస్తాను, లేకపోతే తర్వాత నేనే నమ్మను.

పొద్దున్న ఆర్టీసీ బస్సు ఆగింది. ప్రయాణికులంతా చెయ్యి వేశారు. బరువు తగ్గాలని సామానంతా రోడ్డు మీదికి దించాం, పీపాలో నీళ్ళు పారబోశాం. ఖాళీ బండిని తాళ్ళతో పైకి లాగి స్టెప్నీ వేశారు. వరహాలరావు రోడ్డు మీద కొంచెం ముందుకీ వెనక్కీ నడిపి చూశాడు. స్టీరింగు మీంచి చెయ్యి తీసేశాడు. బండి బాణంలా పోయింది. ఎటూ లాగలేదు.

ఆగి, దిగి, నా మొహం చూశాడు. "ఇదేటమ్మా? కాలవలో పడ్డాక బాగైపోయిందేటి?"

మళ్ళీ సామాను ఎక్కించడం మొదలుపెట్టాం. బీరువా ఎప్పటిలా ఎడమ వైపు గోడకి. పీపా దాని పక్కనే. కింద ఊరి ఆడవాళ్ళు గెడ్డ నుంచి బిందెలతో నీళ్ళు తెచ్చి పోస్తున్నారు. చెయ్యి నొప్పిగా ఉండి నేను పని చెయ్యలేక రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాను, ఎడమ ముందు చక్రానికి ఎదురుగా. బిందె తర్వాత బిందె పోస్తుంటే ఆ చక్రం తల లోపలికి వంగడం నా కళ్ళారా చూశాను. పీపా నిండేసరికి, నిద్రపోతున్న మనిషి తలలా బండి వైపు వాలిపోయింది.

"పీపా ఖాళీ చెయ్యండి" అని అరిచాను.

గాసి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఆడవాళ్ళకి కోపం వచ్చింది, రావాల్సిందే, అంత దూరం మోసుకొచ్చిన నీళ్ళు. కానీ వరహాలరావు నా పక్కకొచ్చి గొంతుక్కూర్చుని చక్రం చూశాడు. తనే వెళ్ళి పీపా తూము తీశాడు. నీళ్ళు పోతుంటే చక్రం మెల్లగా లేచి నిటారుగా నిలబడింది.

పక్కపక్కనే కూర్చుని లెక్క కట్టుకున్నాం.

షెడ్డువాళ్ళు చూసింది ఖాళీ బండిని. అక్కడ అది నిటారుగానే ఉంటుంది. మేం తిరిగేది నిండిన ఇంటితో. మూడేళ్ళుగా బీరువా, పీపా, మందులు, అన్నీ ఎడమవైపే.

జాకీ ఎత్తి చక్రం పైనా కిందా పట్టుకుని ఊపాడు. కటకటమని కదిలింది. చక్రాన్ని ఇరుసుకి పట్టి ఉంచే కింగ్ పిన్నూ, దాని బుష్షులూ అరిగి వదులైపోయాయి. బరువు లేనప్పుడు తెలియదు, బరువు పడగానే చక్రం వాలిపోతుంది. చక్రం మీద బరువు మోసే ఎడమ కమాను కూడా కుంగింది.

"నా సేతిలో లోపం కాదు" అన్నాడు. నాతో కాదు, చక్రంతో.

ఎండకి కాబోలు కళ్ళనీళ్ళు వచ్చాయి నాకు.

మే 13. పాడేరు.

బస్సులో పాడేరు వచ్చి పోస్టాఫీసు నుంచి మేనేజరుగారికి ట్రంకు కాల్ చేశాను. టైరు పేలిందనగానే, నేను పిన్ను సంగతి చెప్పేలోపే ఆయన తేల్చేశారు. బండి నిలిపివెయ్యండి. రైళ్ళు నడవగానే మనుషుల్ని పంపి అమ్మకానికి దింపిస్తాం. డ్రైవరుకి ఈ నెలాఖరుతో సరి. మీరు బస్సులో వచ్చెయ్యండి.

"మరి రోగులండీ?"

"పాడేరు ఆసుపత్రికి వెళ్ళమనండి."

లైను తెగిపోయింది. సుక్రు ఊరు నుంచి పాడేరుకి నడిచి ఎంత దూరమో ఆయనకి తెలియదు. మళ్ళీ కలపమన్నాను. దొరకలేదు.

మే 15. ముంచంగిపుట్టు.

మందుల పెట్టె గాసి నెత్తిన పెట్టుకున్నాడు. సంత దాకా బస్సు, అక్కడి నుంచి సుక్రు ఊరికి నడక. రెండు కొండలు. సుక్రు వారానికి రెండుసార్లు ఈ దారిన వచ్చేవాడు.

సుక్రు గుడిసె ముందు ఎండలో గొంగడి కప్పుకుని ఉన్నాడు. చలికాలం అంతా పట్టిన కండ మళ్ళీ పోయింది. దగ్గుతుంటే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. భార్య గుమ్మంలో నిలబడి నావైపు చూడలేదు.

ఎందుకు మానేశావని అడగమన్నాను గాసిని. గాసి అడిగాడు. సుక్రు జవాబు చెప్పాడు. గాసి నాకు చెప్పకుండా నేల చూస్తున్నాడు.

"ఏమంటున్నాడు?"

"సిస్టరూ... ఆడు మాననేదంట. సంతకి ఒచ్చినాడంట. కూకున్నాడంట సీకటి పడినదాక. మల్లీ సంతకి ఒచ్చినాడంట. నాను ఒట్టు తప్పనేదు, బండి తప్పింది, అంతన్నాడు."

సూది వేశాను. ఈసారి నేనే ఒట్టు వేశాను. అతని భార్య చేతిలో చెయ్యి పెట్టి, బండి ఉన్నా లేకపోయినా వస్తానని. ఆవిడ గాసిని ఏదో అడిగింది. ఆడమనిషి కొండెక్కి వస్తుందా అని అడిగిందట.

"ఇప్పుడొచ్చింది కదా అని చెప్పు" అన్నాను.

మే 16.

కాళ్ళు బొబ్బలు. బండి మెల్లగా హుకుంపేట చేరి నిలబడింది. వరహాలరావు అరిగిన పిన్నునీ బుష్షునీ ఊడదీసి, నా కట్టుగుడ్డలో చుట్టి ఇచ్చాడు. "సైజు ఇదే సూపించండి. నోటితో సెపితే ఏదో ఒకటి ఇచ్చెత్తారు" అన్నాడు. రేపు విశాఖపట్నం. బస్సులున్నాయి.

మే 17. విశాఖపట్నం.

ట్రస్టు ఆఫీసు. జగన్నాథరావు గారు చెడ్డమనిషి కాదు. మంచినీళ్ళు ఇప్పించారు, చేతికి ఏమైందని అడిగారు. నేను గుడ్డ మూట విప్పి పిన్ను బల్ల మీద పెట్టాను. అద్దం మీద ఆయిలు మరక పడింది.

"సత్యవతి గారూ, మీరు నర్సు. మెకానిక్కు కాదు."

"కాదండీ. అందుకే మెకానిక్కుని ఇమ్మంటున్నాను."

"షెడ్డువాళ్ళు మెషీను మీద చూసి చెప్పారు కదమ్మా బండిలో లోపం లేదని."

"వాళ్ళు చూసింది ఖాళీ బండి. బక్కెట్టు ఖాళీగా ఉన్నప్పుడు పట్టుకుని చూసి, ఇది కారదు అంటే ఎలాగండీ?"

ఆయన కొంచెం నవ్వారు. తర్వాత గంభీరంగా, "డ్రైవర్ని మార్చేస్తాను. కొత్త మనిషితో కావాలంటే నడపండి" అన్నారు.

"కొత్త మనిషి వచ్చినా ఆ చక్రం అలాగే వాలుతుంది. కాలవలోకి కాక లోయలోకి పోయేది, ఆయన కాబట్టి ఆపారు."

"అతని మీద మీకెందుకంత నమ్మకం?"

"నమ్మకం కాదండీ. చూశాను."

చాలాసేపు పిన్ను తిప్పి తిప్పి చూశారు. వానాకాలం మొదలయ్యేదాకా గడువు. ఈలోపు ఇంకో టైరు అడిగామా, బండీ లేదు, మేమూ లేము. ఒప్పుకున్నాను. ఆయన పిలిపించిన మేస్త్రీ పోతురాజు, కొత్త పిన్నులూ, బుష్షులూ, ఒక కమాను పట్టీ, రేపు ఉదయం బస్సుకి నాతో వస్తాయి.

నర్సింగ్ హోముకి వెళ్ళలేదు. టైము లేకపోయింది.

సాయంత్రం సముద్రం దగ్గర కూర్చుని చీకటి పడ్డాక బసకి వచ్చాను.

మే 21. హుకుంపేట.

పోతురాజు మేస్త్రీ మంచి పనివాడు, నోరు మాత్రం ముల్లు. పిన్నులు మార్చడానికి సామాను దించమంటే దించాం. ఎడమ కమానుకి పట్టీ కలిపాడు. అంతా అయ్యాక వెదురు కర్ర అడిగి, చక్రాలు కొలవబోయాడు.

"ఆగండి. ఇల్లు ఎక్కించాక కొలుద్దాం" అన్నాను.

"ఏటమ్మా, నాను పుట్టినకాడ నుంచి ఖాళీ బండే కొలిసేను. పీపాలూ బీరువాలూ ఎక్కించి కొలుత్తారేటి ఎవులైనా?"

"ఈ బండి పీపాలతోనే తిరుగుతుంది."

"మీరెక్కడ దొరికేరమ్మా నాకు!" అని బీడీ వెలిగించుకుని దూరంగా పోయి కూర్చున్నాడు.

వరహాలరావు అతన్ని బతిమాలలేదు. నా వైపు తిరిగి, "పీపా కుడి పక్కకి మారుద్దామా? మీ స్నానాల చోటు పోతాది మరి" అన్నాడు. మార్చమన్నాను. బీరువా ఎడమ, పీపా కుడి. అంచుదాకా నీళ్ళు. మందులు ఎక్కడివి అక్కడ. గాసి తన బెంచీ మీద, నేను నా మంచం మీద, ఆయన స్టీరింగు దగ్గర. మేం ముగ్గురం ప్రయాణానికి కూర్చున్నట్టు కదలకుండా కూర్చుంటే, పోతురాజు ఇక చేసేది లేక వచ్చి బండి కింద దూరాడు. కర్ర పెట్టాడు. వెనక, ముందు. మళ్ళీ వెనక.

కింద నుంచి, "ఎవులూ కదలొద్దు" అని అరిచాడు. ఖాళీగా ఉన్నప్పటికీ ఇప్పటికీ తేడా ఉంది. నిండిన బండికి సరిపోయేలా టై రాడ్డు తిప్పి, నట్లు బిగించి బయటికి వచ్చాడు. తల గోక్కున్నాడు. "ఇకమీదట ఇంటి బండైతే ఇంటితోనే కొలుత్తాను" అన్నాడు, ఎవరి మొహం చూడకుండా.

మే 22. మే 25. మే 29.

సుక్రుకి సూదులు. బండిలోనే వెళ్ళాం.

జూన్ 4. అరకు.

స్టెప్నీయే ఇంకా ఎడమవైపు నడుస్తోంది. అరుగుతోంది, పాత టైరు అరగక మానదు. కానీ ఈ అంచు నుంచి ఆ అంచుకి సమంగా. వరహాలరావు జబ్బలకి నూనె రాసుకోవడం మానేశాడని గాసి చెప్పాడు. నేను అడగలేదు.

జూన్ 9.

జగన్నాథరావు గారు రైల్లో వచ్చారు, చెప్పకుండా. సుంకరమెట్ట దాకా మాతో బండిలో వచ్చి, దిగి, ఇద్దరు రోగులకి నేను మందులిస్తుంటే నిలబడి చూశారు. టైరు దగ్గర వంగి చూశారు. వరహాలరావుతో, "నడుపు బాబూ" అన్నారు. అంతే. క్షమాపణలు చెప్పే రకం కాదు. స్టీరింగు దగ్గర ఆయన మాత్రం ఆ రెండు మాటలకే సాయంత్రం దాకా ఈలవేశారు.

వానాకాలం గడువు ఎత్తేశారు. కొత్త డాక్టరు వానలు తగ్గాక వస్తారట.

జూన్ 15.

గోపాలకృష్ణ వచ్చాడు. నా ట్రంకుపెట్టె మోసుకెళ్ళడానికే వచ్చాడు. నర్సింగ్ హోమువాళ్ళు నా కోసం ఖాళీ అట్టే పెట్టారట.

"ఏటక్కా ఇది? పురుగూ పుట్రా మధ్య, నాలుగు చక్రాల మీద కాపురం! ముప్పయ్యారేళ్ళొచ్చేయి నీకు. బావ పోయాక మేమేం అన్నాం? చదువుకుంటానంటే చదివించాం, ఉద్యోగం అంటే సరే అన్నాం. ఇక దిగిరా."

అన్నం వడ్డిస్తూ నేను చెప్పాను. వానలు మొదలవుతున్నాయి, సుక్రు మధ్యలో ఉన్నాడు, ఇప్పుడు ఆపితే మందు పనిచెయ్యదు. పీపా ఎందుకు కుడి పక్కకి మార్చామో చెప్పాను. ఘాట్‌లో టైరు పేలిన సంగతి చెప్పాను. ఆయన స్టీరింగు వదల్లేదని, వేళ్ళు విడదీయాల్సొచ్చిందని. ఆయనకి పప్పులో మామిడికాయ ఇష్టమని, గాసికి ఇష్టం లేదని, అందుకే రెండు రకాలు వండానని.

తమ్ముడు ముద్ద కలపడం ఆపాడు.

"ఆయన ఎవరక్కా?"

"వరహాలరావు. డ్రైవరు."

"డ్రైవర్ని ఆయన అంటున్నావేటి?"

నేను అలా అనలేదు. ఎప్పుడూ వరహాలరావు అనే అంటాను. పులుసు పోసుకోమన్నాను. పోసుకున్నాడు. మళ్ళీ అడగలేదు. తిన్నాక బయటికి వెళ్ళి, టార్పాలిన్ కింద వరహాలరావు పక్కన కూర్చుని ఏదో మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. తెర కొంచెం తీసి చూశాను, వినపడలేదు.

జూన్ 16.

తమ్ముడు రైలెక్కాడు. ఒక్కడే.

స్టేషన్లో, "నర్సింగ్ హోముకి నేనే చెప్తాలే" అన్నాడు. రైలు కదిలాక కిటికీలోంచి, "అతను నిన్ను పెళ్ళి మాట అడగడట. అడిగితే నువ్వు ఈ పని మానేస్తావేమోనని భయమట. నేనేం చెప్పను?" అన్నాడు. జవాబు చెప్పేలోగా రైలు సొరంగం వైపు పోయింది.

జవాబు ఉందా అంటే, ఉంది.

జూన్ 18.

ఈ పుస్తకంలో ఇంతకు ముందు పేజీలు చదివాను. మార్చిలో డ్రైవరు అని రాశాను. తర్వాత వరహాలరావు అని. మేనేజరుగారి ముందే ఆయన అన్నాను, తమ్ముడు చెప్పేదాకా నాకు తెలియదు.

జూన్ 19.

పొద్దున్న ఆయనకి టీ ఇస్తూ చెప్పాను. "నేను ఈ పని మానను. ఎవరు ఏం అడిగినా మానను. అడగదలుచుకున్నవాళ్ళు అది తెలుసుకుని అడగొచ్చు."

గ్లాసు పట్టుకుని నిలబడిపోయారు.

"నానేటి... నానేటి సదువుకున్నోణ్ణి కాదు" అన్నారు.

"నేను అడిగింది చదువు గురించి కాదు."

"నాకు ఆడకూతురుంది బొబ్బిల్లో, మా అమ్మ కాడ. తల్లి నేదు."

"తెలుసు. పేరు నీలవేణి. ఆరో క్లాసు. గాసి చెప్పాడు."

టీ చల్లారిపోయింది. గ్లాసు కింద పెట్టి, "మరైతే అడగనా?" అన్నారు.

గాసి ఆ టైముకి కట్టెలకి పోయాడు. లేకపోతే ఇదంతా జరిగేది కాదు.

జూన్ 20.

అవును అన్నాను. ఇంకేం రాయను.

జూలై 2. ముంచంగిపుట్టు.

వాన. నిన్న మొదలై ఆగలేదు. బయలుదేరే ముందు పాడేరులో ఆర్టీసీవాళ్ళు చెప్పారు, మత్స్యగెడ్డ వాగు పెరుగుతోంది, ఇప్పుడు దాటితే వాన తగ్గేదాకా వెనక్కి రాలేరని. ఆయన నా వైపు చూశారు. గాసి ఇద్దరి వైపూ చూశాడు. మందులు నెలకి సరిపడా ఉన్నాయి, బియ్యం ఉన్నాయి, స్టవ్వుకి కిరసనాయిలు ఉంది.

"పదండి" అన్నాను.

గెడ్డ మీద నీళ్ళు చక్రం సగం దాకా వచ్చాయి. బండి అటూ ఇటూ జరగకుండా నేరుగా దాటింది.

సంతలో జనం తక్కువ. తాటాకు గొడుగుల కింద నలుగురైదుగురు. సుక్రు ముందే వచ్చి ఉన్నాడు. వెంట భార్య, ఆవిడ వెంట వాళ్ళ ఊరివాళ్ళు ఇంకా కొందరు, తడిసి ముద్దై. అందరూ దగ్గుతున్నారు. వీళ్ళు ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని గాసి అడిగాడు. సుక్రు భార్య ఈసారి నా మొహం చూస్తూ చెప్పింది.

"ఆడమనిసి కొండెక్కి ఒచ్చింది కదా, ఇంక నమ్మొచ్చు అని తీసుకొచ్చినాదంట" అన్నాడు గాసి.

బండి తలుపు తెరిచి ఒక్కొక్కరినీ లోపలికి పిలిచాను. మధ్యాహ్నం దాకా పట్టింది. సుక్రు బరువు పెరిగాడు, ఎంతో కాదు గానీ పెరిగాడు. దగ్గులో రక్తం లేదు.

సాయంత్రానికి గెడ్డ పొంగింది. కిందికి దారి లేదు. మేం ఇటువైపే ఉన్నాం.